గణాంకాల ఆఫీసు నుంచి ప్రధాని పదవి దాకా: మా అమ్మాయికి ఆ దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో బి.ఎస్సీ. రెండో ఏడాది చదువుతోంది. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు. కాలేజీ సెమినార్ కోసం కజకిస్తాన్ మాజీ ప్రధాని అలిహాన్ స్మాయిలోవ్ గురించి చదివిన దగ్గర్నుంచి ‘ఆయన స్టాటిస్టిక్స్ ఆఫీసు నుంచే పైకి వచ్చాడు, నేనూ ప్రభుత్వంలో ఆర్థిక విధానాల వైపే వెళ్తా’ అంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్, కాదంటే గ్రూప్-1 కోచింగ్ అంటున్నారు. మా పక్కింటబ్బాయి అల్మాటీలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు కాబట్టి పీజీకి తననీ అక్కడికే పంపమని అడుగుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అమ్మాయిని మెచ్చుకోవాలి. రాజకీయ నాయకుడి గురించి చదివి పదవి చూసి మురిసిపోకుండా, ఆయన ఎక్కడ మొదలయ్యాడో చూసింది. కాకపోతే ఆ కథలో సగమే ఆమెకు కనిపించినట్టుంది. మిగతా సగం కూడా చూస్తేనే మన దగ్గర ఏం చేయాలో తెలుస్తుంది.

స్మాయిలోవ్ 1972లో అల్మాటీలో పుట్టాడు. అక్కడి కజఖ్ స్టేట్ యూనివర్సిటీలో అప్లైడ్ మ్యాథమెటిక్స్ చదివి 1994లో బయటికి వచ్చాడు. ఆ తర్వాత కిమెప్ అనే మేనేజ్‌మెంట్ సంస్థలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేశాడు. ఆ సంవత్సరాలు ఎలాంటివో అర్థం చేసుకోండి. సోవియట్ యూనియన్ కూలిపోయింది. 1991 డిసెంబర్‌లో దేశం స్వతంత్రమైంది. 1993 నవంబర్ 15న 500 రూబుళ్లకు ఒకటి చొప్పున తెంగే అనే సొంత కరెన్సీ వచ్చింది. 1993, 1994లలో ధరల పెరుగుదల ఏడాదికి వెయ్యి శాతం దాటింది. జీతం చేతికొచ్చిన రోజే సరుకులు కొనుక్కోవాల్సిన పరిస్థితి.

లెక్కలు వచ్చిన కుర్రాడికి అప్పుడు ప్రభుత్వంలో ఎంత పని ఉండేదో చూడండి. సోవియట్ లెక్కల పద్ధతిలో ఇప్పుడు మనం చెప్పుకునే జీడీపీ లేదు. ఫ్యాక్టరీలో, పొలంలో తయారైన వస్తువుల విలువే ప్రధానంగా లెక్కకొచ్చేది. సేవారంగంలో చాలా భాగం లెక్కలోకి వచ్చేదే కాదు. ధరలు ప్రభుత్వమే నిర్ణయించేది కాబట్టి, మార్కెట్లో ధర ఎంత పెరిగిందో నెలనెలా కొలవాల్సిన అవసరమూ పెద్దగా ఉండేది కాదు. కొత్త దేశం ఇదంతా మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. జనం కూడా చేజారిపోతున్నారు. లక్షల మంది జర్మన్లు, రష్యన్లు దేశం వదిలి వెళ్లారు. 1989లో కోటీ అరవై లక్షలు దాటిన జనాభా, స్వతంత్ర కజకిస్తాన్ మొదటి జనగణన జరిగిన 1999 నాటికి కోటిన్నర దగ్గరికి పడిపోయింది. ఎంతమంది మిగిలారో, ఎక్కడున్నారో తెలియకపోతే పెన్షన్‌కి, బడికి, ఆస్పత్రికి డబ్బు ఎంత పక్కన పెట్టాలో ఎవరు చెప్పగలరు?

స్మాయిలోవ్ ముప్పై ఏళ్లు నిండకముందే గణాంకాల ఏజెన్సీకి అధిపతి అయ్యాడంటే కారణం ఇక్కడే ఉంది. 2003 దాకా ఆ పదవిలో ఉన్నాడు. తర్వాత వేరే ప్రభుత్వ బాధ్యతల్లోకి వెళ్లి, మళ్లీ అదే ఏజెన్సీకి అధిపతిగా తిరిగొచ్చాడు. ఆపైన అధ్యక్షుడి సహాయకుడు. 2018 సెప్టెంబర్‌లో ఆర్థిక మంత్రి. 2019లో ఉప ప్రధానులందరిలో పై స్థానమైన మొదటి ఉప ప్రధాని. 2022 జనవరిలో ప్రధాని. 2024 ఫిబ్రవరిలో ఆ పదవి నుంచి దిగిపోయాక ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సుప్రీం ఆడిట్ ఛాంబర్‌కు ఛైర్మన్. మన కాగ్ లాంటిది అనుకోండి. గణాంకాలు, బడ్జెట్, ఆడిట్: పదవి మారినా పనిలో సరుకు మారలేదు. మీ అమ్మాయి నోట్ చేసుకోవాల్సింది ఇదే. ప్రధాని పదవి రెండేళ్లకు పైచిలుకు మాత్రమే. లెక్కల పని జీవితమంతా.

ఇప్పుడు మిగతా సగం. ఆయన ఓట్లు అడిగి గెలిచి ప్రధాని కాలేదు. అధ్యక్షుడు ఆయన పేరు ప్రతిపాదించాడు, పార్లమెంటు దిగువ సభ మజిలిస్ ఆమోదించింది. స్మాయిలోవ్ వంతు వచ్చిన సందర్భం కూడా మామూలుది కాదు. 2022 జనవరి మొదట్లో గ్యాస్ ధరపై నియంత్రణ ఎత్తేయడంతో పడమటి వైపున్న మంగిస్తావ్ ప్రాంతంలో వాహనాలకు వాడే ఎల్పీజీ లీటరు 60 తెంగేల నుంచి 120కి చేరింది. ఆ ప్రాంతంలోని జనవోజెన్ పట్టణంలో జనం రోడ్డెక్కారు. రోజుల్లోనే అల్లర్లు దేశమంతా పాకాయి. అధికారిక లెక్క ప్రకారమే 238 మంది చనిపోయారు. 5వ తేదీన అస్కర్ మామిన్ ప్రభుత్వం దిగిపోయింది. అధ్యక్షుడు టొకాయెవ్ ఆ ప్రభుత్వంలోనే మొదటి ఉప ప్రధానిగా ఉన్న స్మాయిలోవ్‌ను తాత్కాలికంగా కూర్చోబెట్టి, 11న పూర్తి స్థాయి ప్రధానిని చేశాడు. అదే ఏడాది నవంబర్ చివర్లో ఎకిబాస్తుజ్ అనే ఊళ్లో థర్మల్ పవర్ స్టేషన్‌లో ప్రమాదం జరిగి, సున్నాకు చాలా డిగ్రీల కిందికి పడిపోయిన చలిలో ఇళ్లకు వేడి అందలేదు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టాయి. లెక్కలు చదివిన ప్రధాని అయినా ఆ రోజు జవాబు చెప్పాల్సింది పగిలిన పైపుల గురించే.

ఇంకో పేరు కూడా మీ అమ్మాయి చదవాలి. కరీం మాసిమోవ్. రెండుసార్లు ప్రధానిగా చేసినవాడు, ఆర్థిక వ్యవహారాల్లో దిట్ట అని పేరున్నవాడు. తర్వాత గూఢచార సంస్థ అధిపతి అయ్యాడు. ఆ జనవరి అల్లర్ల సమయంలోనే అరెస్టయ్యాడు, 2023లో 18 ఏళ్ల జైలు శిక్ష పడింది. అంతా ఒక్కరి నిర్ణయం మీద నడిచే వ్యవస్థలో పైకి ఎక్కడం ఎంత తొందరగా జరుగుతుందో కింద పడడం కూడా అంతే. ముప్పై ఏళ్ల లోపు ఒక ఏజెన్సీ అధిపతి కావడం మన దగ్గర జరగదు. జరగకపోవడమే నా దృష్టిలో మంచిది కూడా.

మన దగ్గర రాజ్యాంగం ప్రకారం మంత్రి అయినవాళ్లు ఆరు నెలల్లోగా పార్లమెంటు సభ్యులు కావాలి. కాబట్టి అధికారిగా మొదలై మంత్రి కావడం అరుదు. ముఖ్య ఆర్థిక సలహాదారు, ఆర్థిక శాఖ కార్యదర్శి, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్, ఆ తర్వాత 1991లో పి.వి. నరసింహారావు పిలుపుతో ఆర్థిక మంత్రి, 2004లో ప్రధాని: మన్మోహన్ సింగ్‌ది స్మాయిలోవ్‌కు కాస్త దగ్గరి ప్రయాణం. కానీ దాన్ని లక్ష్యంగా పెట్టుకుని ఎవరూ ప్లాన్ చేసుకోలేరు. మీ అమ్మాయి ప్లాన్ చేసుకోగలిగింది ఆ పదవులకు ముందున్న పనిని.

ఆ పనికి మన దేశంలో నేరుగా ఒక తలుపు ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్ఎస్). సివిల్స్ పెట్టే యూపీఎస్సీయే ఈ పరీక్షా పెడుతుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, 21 నుంచి 30 ఏళ్ల మధ్య రాయొచ్చు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు వయసులో సడలింపు ఉంటుంది. రాత పరీక్షలో జనరల్ ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ వందేసి మార్కులు, మిగిలినవి స్టాటిస్టిక్స్ పేపర్లు నాలుగు, ఒక్కోటి 200 మార్కులు. అంటే వెయ్యిలో 800 మార్కులు ఆమె ఇప్పుడు క్లాసులో వింటున్న పాఠాల కొనసాగింపే. పైన 200 మార్కుల ఇంటర్వ్యూ. ఉద్యోగం గ్రూప్-ఎ, మొదటి మూల వేతనం 56,100 రూపాయలు, ఐఏఎస్‌లో చేరినవాళ్లకు ఉండే మొదటి స్థాయే. ఖాళీలు మాత్రం ఏటా కొన్ని పదులే. ఇది దాచి చెప్పడం తప్పు. మొదటిసారే వచ్చేస్తుందని అనుకోవద్దు.

దీన్ని ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌తో కలిపి చూస్తారు చాలామంది. అది వేరు. దానికి ఎకనామిక్స్‌లోనో, ఎకనోమెట్రిక్స్ లాంటి దగ్గరి సబ్జెక్టుల్లోనో పీజీ ఉండాలి. స్టాటిస్టిక్స్ పీజీతో దానికి అర్హత రాదు. ఆమెకు నిజంగా ఎకనామిక్స్ మీదే మనసుంటే పీజీలో చేరేముందే తేల్చుకోవాలి, చేరాక బాధపడి లాభం లేదు.

పీజీ చేస్తే రిజర్వ్ బ్యాంక్ తలుపు తెరుచుకుంటుంది. అక్కడ గణాంకాలు చూసే విభాగానికి గ్రేడ్-బి ఆఫీసర్లను విడిగా తీసుకుంటారు. డిగ్రీతోనే కేంద్రంలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ కావాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష రాయాలి. అందులో ఈ పోస్టు కోసం స్టాటిస్టిక్స్ పేపర్ ప్రత్యేకంగా ఉంటుంది. ఇంటికి దగ్గరగా అంటే రాష్ట్ర అర్థగణాంక శాఖ ఉంది. మీ మండలంలోనే మండల ప్లానింగ్ అండ్ స్టాటిస్టికల్ ఆఫీసర్ ఉంటారు. ఒకసారి అమ్మాయిని తీసుకెళ్లి కలవండి. వరి కోతల సీజన్లో వీలైతే పంట కోత ప్రయోగం చూపించమని అడగండి. లాటరీ పద్ధతిలో ఎంచుకున్న పొలంలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి తాడు కట్టి, అంత మేరా కోసి, నూర్చి, తూకం వేసి రాసుకుంటారు. జిల్లా దిగుబడి అంచనా అక్కడి నుంచే మొదలవుతుంది. పంట బీమా అమల్లో ఉన్న చోట ఆ లెక్కలకూ అదే ఆధారం. గట్టు పక్కన పలచగా ఉన్న చోటు కాకుండా, బాగా పండిన చోటు చూసి తాడు కట్టేస్తే మొత్తం లెక్క తప్పిపోతుంది, నష్టపోయిన రైతుకు పైసా రాదు. శాంపిలింగ్ పాఠంలో ‘బయస్’ అని ఆమె చదివేది ఇదే. ఈ పని చూశాక కూడా ఆమెకు ఇదే కావాలనిపిస్తే, మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

గ్రూప్-1 గురించి మీ బంధువులు చెప్పింది తప్పేమీ కాదు. జనరల్ దారిలో వెళ్లి ఆర్థిక రంగంలో శిఖరానికి చేరిన తెలుగువాళ్లున్నారు. వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు ఇద్దరూ ఐఏఎస్ నుంచే వచ్చి వరసగా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్లయ్యారు, 2003 నుంచి 2013 దాకా. సుబ్బారావు ఐఏఎస్‌కు ముందు చదివింది ఫిజిక్స్. అయితే ఒక సంగతి గమనించండి. డిగ్రీ అవగానే చదువు ఆపేసి మూడు నాలుగేళ్లు గ్రూప్-1 కోచింగ్‌లో గడిపితే, నోటిఫికేషన్ ఆలస్యమైతే చేతిలో మిగిలేది జనరల్ స్టడీస్ ఒక్కటే. స్టాటిస్టిక్స్ పీజీ చేస్తూ ఐఎస్ఎస్‌కి చదివితే, ప్రభుత్వ ఉద్యోగం రాకపోయినా బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, ఫార్మా కంపెనీల్లో క్లినికల్ ట్రయల్స్ విభాగాలు ఉంటాయి. హైదరాబాద్‌లో ఆ ఉద్యోగాలకు కొదవ లేదు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలన్నా డేటా పనికి ఇదే పునాది. అందుకే నా ఓటు పీజీకి.

అల్మాటీ సంగతి. మన పిల్లలు అక్కడికి ఎంబీబీఎస్ కోసం వెళ్తున్నారు, అది వేరే లెక్క. ఈ పనికి అక్కడ చదవడం వల్ల మీ అమ్మాయికి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. అక్కడి ప్రభుత్వ సర్వీసు ఆ దేశ పౌరులకే. ఆఫీసు పని కజఖ్, రష్యన్ భాషల్లో నడుస్తుంది. ఇక్కడి పరీక్షల్లో మన సర్వేలు, మన గణాంక వ్యవస్థ గురించి కూడా అడుగుతారు. దానికంటే చాలా తక్కువ ఖర్చుతో ఉస్మానియాలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో చదవొచ్చు. ఐఐటీల్లో సీటు కోసం జామ్ పరీక్షలో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది. వీలైతే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.స్టాట్. ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి కలకత్తాలోని ఆ సంస్థకు వెళ్లిన సి.ఆర్. రావు గారు ప్రపంచం గౌరవించే స్టాటిస్టీషియన్ అయ్యారు.

ఈ లోపు అమ్మాయికి ఒక పని. ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో కేంద్రం చిల్లర ధరల సూచీ విడుదల చేస్తుంది. అందులో తెలంగాణ గ్రామాల అంకె, పట్టణాల అంకె విడిగా ఉంటాయి. ఆ రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయో రెండు పేజీల్లో తెలుగులోనే రాయమనండి. ఇంగ్లిష్‌లో తర్వాత రాయొచ్చు. కూరగాయలా, బియ్యమా, ఇంటి అద్దెనా, ఏది లాగిందో తవ్వాలి. ఒక ఏడాది ఇలా రాస్తే ఇంటర్వ్యూ బోర్డు ముందు ఆమె దగ్గర చెప్పడానికి సొంత మాట ఉంటుంది.

చివరిగా ఒక జాగ్రత్త, చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. సీజీఎల్‌లో స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ అనే పోస్టుకు డిగ్రీ మూడేళ్లలోనూ, అంటే ఆరు సెమిస్టర్లలోనూ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలన్న నిబంధన ఉంది. మూడో ఏడాది ఆప్షన్ల ఫారం ఇచ్చినప్పుడు ఈజీగా మార్కులొస్తాయని స్టాటిస్టిక్స్ బదులు ఇంకోటి పెట్టకుండా చూసుకోండి. ఇప్పటిదాకా వచ్చిన మార్కుల మెమోల్లో ఆ సబ్జెక్టు పేరు ‘స్టాటిస్టిక్స్’ అనే స్పష్టంగా పడిందో లేదో ఈ వారంలోనే ఒకసారి తీసి చూడండి. తేడా ఉంటే కాలేజీలో ఉండగానే రాయించుకోవడం సులువు.