కారు దిగని భర్త

ప్రశ్న: మాది విజయవాడ. అట్లాంటాలో ఉంటున్నాం. మావారు నల్లజాతి అమెరికన్, వయసు 39. నాలుగు నెలల క్రితం మామగారు పోయారు. ఈయన కంటతడి పెట్టలేదు. ఏమడిగినా ‘ఐయామ్ గుడ్’ అంటారు. ఆఫీసు నుంచి వచ్చి ఇంటి ముందు కారులోనే అరగంట కూర్చుంటారు. మొన్న మా ఆరేళ్ల బాబు మోకాలు దోక్కుపోయి ఏడిస్తే ‘మ్యాన్ అప్’ అని అరిచారు. గుచ్చి అడిగితే గొడవే. ఏం చేయను?

జవాబు: ఆ అరగంట మిమ్మల్ని తప్పించుకోవడానికని అనుకోకండి. రోజు మొత్తంలో ఎవరి కళ్లూ తన మీద లేని చోటు అదొక్కటే కావచ్చు. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఉంచాలి, గొంతు పెంచకూడదు, బెదురు కనపడనీయకూడదు అని నల్లజాతి ఇళ్లల్లో మగపిల్లలకు చిన్నప్పుడే చెబుతారు. దానికి ‘ది టాక్’ అనే పేరే ఉంది. ‘నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదు’ అని మనవాళ్లూ అన్నారు. కాకపోతే ఇక్కడ పోయేది పరువు, అక్కడ ప్రాణం. అలా పెరిగిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచినట్టు ఆ బిగువును విడిచిపెట్టలేడు.

ఎదురుగా కూర్చోబెట్టి ‘నీ మనసులో ఏముంది’ అని అడగడం మానేయండి. అది విచారణలా ఉంటుంది. కారులో పక్క సీట్లో ఉన్నప్పుడో, గిన్నెలు కడుగుతున్నప్పుడో ‘ఆదివారాలు మీ నాన్న ఏం వండేవారు?’ లాంటిది ఒక్కటి అడిగి ఊరుకోండి. జవాబు రాకపోతే ఆ పూటకు వదిలేయండి.

అసలు తేడా కొట్టేది ఆయన నోరు విప్పాకే. భర్త ఏడవగానే భార్య బెంబేలెత్తితే ఆయన తన ఏడుపు ఆపి ఆమెను ఓదార్చాల్సి వస్తుంది. ఇంకోసారి చెప్పడు. అప్పుడు విన్నదాన్ని తర్వాతి గొడవలో ఎత్తిపొడిచినా, విజయవాడకు ఫోన్‌చేసి అమ్మకు చెప్పినా అంతే. ‘చెప్పావు, మంచిది’ అని పక్కనే ఉండండి, చాలు.

బాబు ముందు ఆయన్ను దిద్దకండి. బాబుతో ‘నొప్పిగా ఉందా, కడుగుదాం రా’ అనండి. రాత్రి ఆయన్ను మాత్రం ‘నీకు ఆరేళ్లప్పుడు ఏడిస్తే ఏమనేవారు?’ అని అడగండి.

డిప్రెషన్ అంటే డాక్టరు దగ్గరికి రాని మగవాడు బీపీ అంటే వస్తాడు. అది సాకు కూడా కాదు. ఎదురయ్యే ప్రతి అడ్డంకినీ పళ్ల బిగువున ఒంటరిగా నెట్టుకురావడానికి షెర్మన్ జేమ్స్ అనే పరిశోధకుడు ‘జాన్ హెన్రీయిజం’ అని పేరు పెట్టి, రక్తపోటుతో దానికున్న సంబంధాన్ని అధ్యయనం చేశారు. ఆవిరి యంత్రంతో పోటీపడి గెలిచి, అక్కడే కూలిపోయిన జానపద వీరుడే ఆ జాన్ హెన్రీ. వారం పాటు ఉదయం, సాయంత్రం, నిమిషం తేడాతో రెండేసిసార్లు ఇంట్లోనే బీపీ చూసి రాయండి. సగటు 130/80 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ కాగితంతో ఫ్యామిలీ డాక్టరును కలవండి. అక్కడ డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం అడగండి. ‘దిగులుగా ఉందా’ అంటే లేదనేవాళ్లు కూడా నిద్ర, నీరసం, ఆకలి దగ్గర నిజం రాస్తారు. 27కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కౌన్సెలింగ్ మాట ఎత్తవచ్చు.

కౌన్సెలర్ నల్లజాతివాడే కావాలని ఆయన అంటే అది మొండితనం కాదు. ‘థెరపీ ఫర్ బ్లాక్ మెన్’ అనే వెబ్‌సైటులోని కౌన్సెలర్ల జాబితాలో వెతకండి. ఆఫీసువాళ్ల ఈఏపీ (ఉద్యోగుల సహాయ పథకం) ఉంటే మొదటి కొన్ని సిట్టింగులు ఉచితం. అప్పటిదాకా మంగలి షాపుకు వెళ్లి గంటలు గడిపితే సణగకండి. నల్లజాతి మగవాళ్లు మనసు విప్పే చోట్లలో అదొకటి. లాస్ ఏంజెలెస్‌లో 52 షాపుల్లోకి ఫార్మసిస్టులే వెళ్లి బీపీకి మందులిచ్చారు. 2018లో వచ్చిన ఫలితాల్లో పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గింది.

తాగుడు పెరిగినా, ‘నేను లేకపోతేనే నయం’ అన్నా ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లో తుపాకీ ఉంటే కొన్నాళ్లు వేరేచోట భద్రపరచమనండి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయపడే అమెరికా హెల్ప్‌లైన్ 988కి ఫోనో మెసేజో ఏ వేళైనా చేయవచ్చు. పోలీసులొస్తారని ఆయన జంకితే ఆ కాల్ మీరే చేసి, ఏం చేయాలో అడగండి. ప్రాణం మీదకొచ్చిన క్షణంలో మాత్రం అత్యవసర నంబరు 911 తప్పదు. ఇంట్లో ఆయుధం ఉందో లేదో, ఆయన ఏ స్థితిలో ఉన్నారో ముందే చెప్పి, మానసిక సంక్షోభాల్లో శిక్షణ ఉన్న ఆఫీసరును పంపమనండి.