గేరుబాక్సు కోడ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మీ బాబాయి గారి పాత ఆటోమేటిక్ కారు, ఆరని చెక్ ఇంజన్ లైటు, స్కానర్‌లో కనపడ్డ పి0700, పి0753 అనే లోపాల కోడ్‌లు. విషయం మంచిది, తెలుగులో ఇలాంటివి రాసేవాళ్ళు తక్కువ. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. మూడో పేరాలో ఒక వాక్యం తీసేయాలి. "పి0753 వచ్చిందంటే షిఫ్ట్ సోలినాయిడ్ పోయినట్టే, కొత్తది వేయించుకోవాలి" అన్నావు. (సోలినాయిడ్ అంటే గేరు మార్చడానికి గేరుబాక్సులో ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు.) ఆ మాట నమ్మి ఎవరో వేలు ఖర్చు పెట్టి సోలినాయిడ్ వేయించాక లైటు మళ్ళీ వెలిగితే, ఆ డబ్బు నువ్వు పోగొట్టినట్టే.

కోడ్ ఏ పార్టు పాడైందో చెప్పదు. కంప్యూటర్‌కి ఏం కనపడిందో చెబుతుంది, అంతే. పి0753 అంటే 'ఎ' అనే షిఫ్ట్ సోలినాయిడ్‌కి కరెంటు వెళ్ళే దారిలో తేడా కనపడిందని. ఆ దారిలో సోలినాయిడ్ ఒక్కటే లేదు కదా. వైరుంది, కనెక్టరుంది, లోపల పిన్నులున్నాయి, ఎర్తుంది, అవతలి కొసన కంప్యూటరుంది. అదే పి0751 అయితే కథ వేరు. కరెంటు దారి మీద అనుమానం లేదు, అయినా గేరు మారాల్సినట్టు మారలేదు. అప్పుడు ఆయిలు, లోపలి వాల్వులు, మడ్డి వైపు చూడాలి. చివరి అంకె ఒకటి మారితే వెతకాల్సిన చోటే మారిపోతుంది. పి0740కీ పి0741కీ మధ్య కూడా ఇదే తేడా. మొదటిది, ఇంజన్‌నీ గేరుబాక్సునీ నేరుగా కలిపి పట్టే టార్క్ కన్వర్టర్ క్లచ్ సర్క్యూట్‌ది, రెండోది ఆ క్లచ్ పట్టాల్సినప్పుడు పట్టకపోవడం. నువ్వు రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేశావు. విడదీయి.

ఇక పి0700 అసలు జబ్బే కాదు. "నా దగ్గర ఒక కోడ్ ఉంది, లైటు వెలిగించు" అని గేరుబాక్సు కంప్యూటర్ ఇంజన్ కంప్యూటర్‌కి పంపే కబురు. కారుకి తగిలించి ఫోన్‌లో కోడ్‌లు చూసే చవకరకం బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు ఈ కబురు దగ్గరే ఆగిపోతాయి, గేరుబాక్సు కంప్యూటర్‌లోకి వెళ్ళలేవు. ఈ సంగతి రాయకపోతే పాఠకుడు పి0700 ఒక్కటే పట్టుకుని రోజుల తరబడి వెతుకుతాడు. ఇంకొకటి: అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ ఓబీడీ-2 (కోడ్‌లు చదవడానికి అన్ని కార్లకీ ఒకే పద్ధతి) తప్పనిసరి. మన దగ్గర అది 2013 ఏప్రిల్‌లో వచ్చింది. డల్లాస్‌లో చదువుకుంటూ పాత కారు కొనుక్కున్న పిల్లాడికి పనిచేసిన అడాప్టర్, గుంటూరులో అదే వయసు కారుకి పలకకపోవచ్చు. నీ వ్యాసం ఇద్దరూ చదువుతారు.

నాకీ పాఠం ఎలా వచ్చిందో చెబుతాను. పన్నెండేళ్ళ కిందట నా దగ్గర నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉండేది. పొద్దున్నే తీస్తే బంగారంలాంటి బండి. విజయవాడలో బయల్దేరి ఏలూరు దారి పట్టి, హనుమాన్ జంక్షన్ దాటేసరికి ఒక జర్క్ ఇచ్చి మూడో గేరులో బిగుసుకుపోయేది. గేరుబాక్సు తనను తాను కాపాడుకోవడానికి అలా చేస్తుందని అప్పుడు నాకు తెలీదు. ఒక వర్క్‌షాపులో కోడ్ చూసి గేరుబాక్సు దింపాలన్నారు. 70 వేలు అన్నారు. వారం రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

చివరికి ఆటోనగర్‌లో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంజన్ ఆపించి, కంప్యూటర్ దగ్గర కనెక్టర్ ఊడదీసి, అక్కణ్ణుంచి మీటరు పెట్టారు. అలా పెడితే వైరూ సోలినాయిడూ కలిపి కొలిచినట్టు. 16 ఓమ్‌లు. మాన్యువల్లో ఆ బండికి 12 నుంచి 25 అని ఉంది. "బాగానే ఉందిగా" అన్నాను. ఆయన మాట్లాడలేదు. కనెక్టర్ పెట్టేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు బండి తిప్పారు. జర్క్ వచ్చాక వెనక్కొచ్చి మళ్ళీ కొలిచారు. మళ్ళీ 16. అప్పుడు మీటరు నా చేతికిచ్చి, బ్యాటరీ ట్రే కింద నుంచి వెళ్ళే వైర్ల కట్టని రెండు వేళ్ళతో మెల్లగా వంచారు. 16, 16, ఓఎల్ (సర్క్యూట్ తెగిందని మీటరు చూపే గుర్తు). వేలు తీస్తే 16. వంచితే ఓఎల్. అంటే అక్కడ వైరు తెగుతోంది, మళ్ళీ కలుస్తోంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు. బ్లేడుతో గీసి చూపిస్తే లోపల రాగి పచ్చగా చిలుం పట్టి, పోచలు పోచలుగా తెగి ఉంది. బ్యాటరీ యాసిడ్ చేసిన పని. జానెడు వైరు మార్చి, టంకం పెట్టి, స్లీవు తొడిగారు. ఆ బండి ఆ తర్వాత ఆరేళ్ళు నడిచింది, గేరుబాక్సు దింపకుండానే.

నీ వ్యాసంలో చల్లటి ఇంజన్ మీద తీసిన రీడింగు ఒక్కటే ఉంది. వేడి మీద ఒకటి, వైరు కదిలిస్తూ ఒకటి తీయించు. ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకి కొలిచారో రాయి. అవి లేకుండా "సోలినాయిడ్ పోయింది" అనే హక్కు మనకి లేదు.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోమని కూడా చెప్పు. తప్పు పట్టుకున్న క్షణంలో బండి స్పీడెంత, ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం మీద ఉంది, ఎంత వేడిగా ఉంది అన్నవి అందులో ఉంటాయి. క్లియర్ నొక్కితే అవి పోతాయి, చాలా కార్లలో బ్యాటరీ తీసినా పోతాయి. అన్నట్టు, ఆ బ్యాటరీ ఓల్టేజీ కూడా చూడాలి. నీరసించిన బ్యాటరీ గేరుబాక్సు కోడ్‌లు తెప్పిస్తుంది.

ఆయిల్ గురించి నువ్వు రాసిన పేరా నాకు నచ్చింది. తెల్ల గుడ్డ మీద ఎర్రగా ఉంటే మంచిదని, నల్లబడి మాడు వాసన కొడితే లోపల క్లచ్ ప్లేట్లు అరుగుతున్నాయని, పాలల్లో కలిపినట్టు గులాబీ రంగుకి తిరిగితే నీళ్ళు కలిశాయని చక్కగా చూపించావు. ఒక్కటి దిద్దు, ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్ సంగతి. డిప్‌స్టిక్ అన్ని కార్లకీ ఒకేలా చూడరు. హోండాల్లో చాలావాటికి ఇంజన్ వేడెక్కాక ఆపేసి నిమిషం, నిమిషంన్నర లోపు చూడాలి. డిప్‌స్టిక్ ఉన్న టయోటాల్లో సాధారణంగా ఇంజన్ నడుస్తుండగానే చూస్తారు. కొన్నిటికి డిప్‌స్టిక్కే ఉండదు. ఒకదాని పద్ధతి ఇంకోదానికి చెబితే లెవెల్ తప్పు చూసి ఆయిల్ ఎక్కువ పోసేస్తారు.

నిజంగా గేరుబాక్సు పోయే సందర్భాలూ ఉన్నాయి. మాడు వాసన ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి బండి కదలకపోతే, వైర్లు వెతుకుతూ కూర్చోమని చెప్పకు. దింపాల్సిందేనని సూటిగా రాయి. ఖర్చు తగ్గుతుందన్న ఆశ చూపించడం కూడా పాఠకుడికి నష్టమే.

భాష దగ్గర కూడా ఒక మాట. "స్వయంచాలక ప్రసరణ వ్యవస్థ" అని రాశావు. ఆ మాట పట్టుకుని ఏ షెడ్డుకి వెళ్ళినా ఎవరికీ అర్థం కాదు. ఆటోమేటిక్ గేరుబాక్సు అను. "స్లిప్ అవుతోంది", "జర్క్ కొడుతోంది", "గేరు ఆలస్యంగా పడుతోంది" ఈ మూడూ వేరువేరు జబ్బులు, మెకానిక్ వినగానే వేరువేరు చోట్లకి వెళతాడు. నువ్వు మూడింటికీ "సరిగా పనిచేయడం లేదు" అని ఒకే మాట వాడావు. బాబాయి గారు అసలు ఏ మాట అన్నారో గుర్తు తెచ్చుకుని అదే పెట్టు.

ఆయనకి ఇవాళే ఫోన్ చెయ్యి. లైటు మొదటిసారి వెలిగినప్పుడు బండి ఎంతసేపు నడిచి ఉంది, ఆ మధ్య బ్యాటరీ ఏమైనా మార్పించారా అని అడుగు. సమాధానం వ్యాసం మొదటి పేరాలో రాసి మళ్ళీ పంపించు.

ప్రేమతో,
మీ అన్నయ్య