ఇథియోపియన్ రెస్టారెంట్‌కి పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా? శాకాహారులకి అక్కడ ఏం దొరుకుతుంది?

తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చారని, వాళ్ళు గుడ్డు కూడా ముట్టరని, వర్జీనియాలో ఒక చిన్న ఇథియోపియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్ళాలని ఉన్నా అందరూ ఒకే పళ్ళెంలో తింటారని విని ఎంగిలి సంగతికి వెనకాడుతున్నామని రాశారు. తప్పకుండా తీసుకెళ్ళండి. మేం ఇటువైపుకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒక పూట అక్కడ తినిపించకుండా పంపం. మా అత్తగారు రెండుసార్లు వచ్చారు. రెండోసారి దిగిన మూడో రోజే "ఆ పుల్లట్టు వాళ్ళ దగ్గరికి ఎప్పుడెళ్దాం?" అని ఆవిడే అడిగారు.

ముందు ఎలాంటి చోటికి వెళ్ళాలో చెప్తాను. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఇథియోపియా వాళ్ళు చాలా ఎక్కువ. 1974లో సైన్యం హైలే సెలాసీ చక్రవర్తిని దించేశాక దేశం వదిలిన వాళ్ళలో ఎంతోమంది ఇక్కడ స్థిరపడ్డారు. మొదట డీసీలో ఆడమ్స్ మోర్గన్, తర్వాత యూ స్ట్రీట్, ఆ తర్వాత మేరీలాండ్‌లో సిల్వర్ స్ప్రింగ్, ఇటు అలెగ్జాండ్రియా, ఫాల్స్ చర్చ్. డీసీలో మసక దీపాలు పెట్టిన పెద్ద రెస్టారెంట్లూ ఉన్నాయి కానీ పెద్దవాళ్ళతో అక్కడికి వద్దు. బెయిలీస్ క్రాస్‌రోడ్స్ వైపు దుకాణాల వరసల్లో ఆరేడు బల్లలతో నడిచేవి ఉంటాయి. ముందు సగం కిరాణా, వెనక సగం భోజనం. గుమ్మంలోనే ఇంజెరా అనే వాళ్ళ పుల్లట్ల ప్యాకెట్లు, కారం పొడి సంచులు, పచ్చి కాఫీ గింజలు. ఒక మూల టీవీలో వాళ్ళ అమ్హారిక్ భాషలో పాటలు. డ్యూటీ దిగిన టాక్సీ డ్రైవర్లు చిన్న గ్లాసుల్లో మకియాటో అనే పాల కాఫీ తాగుతూ కబుర్లు. చెయ్యి కడుక్కునే సింకు తినేచోటే గోడకి ఉంటుంది. మేం వెళ్ళేచోట వండేదీ వడ్డించేదీ ఒకావిడే, కాబట్టి ఆకలి ముదరకముందే వెళ్ళాలి. అరగంట ఆగక తప్పదు.

ఇంజెరా గురించి ముందే ఇంట్లో చెప్పి తీసుకెళ్ళండి. టెఫ్ అనే ధాన్యం పిండితో చేస్తారు. గింజ మన గసగసాలంత ఉంటుంది, ఇనుము బాగా ఉన్న ధాన్యం. పిండిని నీళ్ళతో కలిపి, వెనకటి పిండి మీద తేరిన పుల్లటి నీళ్ళు తోడుగా వేసి రెండు మూడు రోజులు పులియబెడతారు. ఆ తోడుని ఎర్షో అంటారు. తర్వాత పెద్ద పెనం మీద పోసి మూత పెడతారు. ఒకవైపే కాలుతుంది, తిరగెయ్యరు. పైన వందల కళ్ళు విచ్చుకుంటాయి. కూరలో రసమంతా పీల్చుకునేవి ఆ కళ్ళే. మన పుల్లట్టు తెలిసినవాళ్ళకి ఆ పులుపు కొత్త కాదు. కొత్తగా అనిపించేదల్లా అది చల్లగా రావడం. పెనం మీంచి పళ్ళెంలోకి వచ్చే దోసెకి అలవాటుపడ్డ మా మామగారు "ఇది పొద్దుటిదా?" అని అడిగారు. ఇంజెరా చల్లారాకే తింటారు, మెత్తగా స్పంజిలా ఉంటేనే ముక్క తుంచడానికి, కూర చుట్టడానికి పనికొస్తుంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆయన మొదటి పది నిమిషాలూ అనుమానంగా తినేవారు కాదు. ఇంకొకటి, అమెరికాలో చాలాచోట్ల టెఫ్‌లో గోధుమో బార్లీనో కలుపుతారు. మీ ఇంట్లో గోధుమ పడనివాళ్ళుంటే పూర్తిగా టెఫ్‌తో చేసింది ఉందా అని అడగండి. కొన్నిచోట్ల ముందురోజే చెప్పి ఉంచాలి.

ఇక మీ అసలు ప్రశ్న. శాకాహారులకి ఇంత నిశ్చింతగా తినగలిగే విదేశీ భోజనం నాకు ఇంకోటి కనపడలేదు. కారణం వాళ్ళ ఉపవాసాలు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధవారం, శుక్రవారం మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. ఈస్టర్‌కి ముందు ఏకంగా 55 రోజుల ఉపవాసం ఉంటుంది. అన్నీ కలిపితే మామూలు జనానికే ఏడాదిలో దాదాపు 180 రోజులు. అన్ని రోజులు పప్పులూ ఆకుకూరలే వండుకు తినే జనం వాటిని ఎంత రుచిగా వండటం నేర్చుకుని ఉంటారో ఆలోచించండి. మనకోసం ఏదో ఒకటి మార్చి చేసిపెట్టే "వెజిటేరియన్ ఆప్షన్" కాదది. వాళ్ళ ఇళ్ళలో వాళ్ళు తినే అసలు తిండే. అక్కడ "త్సోమ్" అనండి. ఉపవాసం అని అర్థం. "యెత్సోమ్ బెయాయ్‌నెతు" అంటే ఉపవాసపు వంటలు రకానికి కాస్త అన్నమాట. పెద్ద పళ్ళెం నిండా ఇంజెరా పరిచి, దానిమీద ఐదారు రకాలు కుప్పలు కుప్పలుగా వడ్డిస్తారు. పక్కన చాపచుట్టల్లా చుట్టిన ఇంజెరాలు. వీలైతే బుధవారమో శుక్రవారమో వెళ్ళండి. ఆ రోజుల్లో ఈ వంటలు ఎక్కువ అమ్ముడవుతాయి, అప్పటికప్పుడు వండినవి ఉంటాయి.

ఆ పళ్ళెంలో ఏముంటుందో మీ అమ్మగారికి మన భాషలో చెప్పేయొచ్చు. మిసిర్ వొట్ ఎర్రగా చిక్కగా ఉండే మైసూరుపప్పు. కిక్ అలిచా పసుపు వేసి వండిన బఠాణీపప్పు, కారం ఉండదు, పిల్లలకి అదే పెట్టండి. గోమెన్ ఆకుకూర. తికిల్ గోమెన్ క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప కలిపిన కూర. ఫసోలియా బీన్సూ క్యారెట్. అన్నిటికంటే మావాళ్ళందరూ పడిపోయేది షిరో. వేయించిన సెనగల పిండిని ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం వేసి ఉడికిస్తారు. పూరీల్లోకి మనం చేసుకునే బొంబాయి చట్నీ గుర్తుంది కదా, దానికి ఘాటైన అక్కగారు అనుకోండి. మట్టిపాత్రలో కుతకుతలాడుతూ వస్తుంది. పళ్ళెంతోపాటు షిరో విడిగా ఒకటి తప్పకుండా చెప్పండి.

కారం గురించి తెనాలి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వాళ్ళ కారాన్ని బెర్బెరె అంటారు. ఎండుమిరపకాయలతోపాటు మెంతులు, వాము, నల్లజీలకర్ర, శొంఠి, ఏలకుల జాతికి చెందిన కొరారిమా లాంటివి వేసి కొడతారు. మా అత్తగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని "మెంతులున్నాయి. వాము కూడా వేశారే" అన్నారు. నేను అది ఇంగ్లిషులో చెప్పేసరికి ఆ వండే ఆవిడ లోపలికెళ్ళి సీసా తెచ్చి మూత తీసి వాసన చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఆ సీసా పట్టుకుని ఒక్కొక్క దినుసునీ వేళ్ళమీద లెక్కపెడుతూ కూర్చున్నారు. మెంతుల్ని అబిష్ అంటారని మా అత్తగారు ఇప్పటికీ మర్చిపోలేదు. వాళ్ళ కూరలకి ఆ తీపిదనం ఎక్కడిదని కూడా అడిగించారు. ఉల్లిపాయల్ని సన్నగా తరిగి, నూనె లేకుండా ఉత్తి గిన్నెలో ఓపిగ్గా మగ్గబెట్టాకే నూనె, ఆ తర్వాత కారం వేస్తారట.

అందుకే ఒక ముఖ్యమైన మాట. కార్తీకమాసంలో వాళ్ళని తీసుకెళ్ళకండి. ఉల్లి, వెల్లుల్లి మానేసే రోజుల్లో అక్కడ తినగలిగింది దాదాపు ఏమీ ఉండదు, ఆ వంటకి పునాదే ఉల్లిపాయ.

రెండో జాగ్రత్త పేర్ల గురించి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు గోమెన్ అంటే ఆకుకూర అని చదివి ఉన్నాను కదా అని మెనూలో కనపడ్డ "గోమెన్ బెసిగా" చెప్పాను. ఆకుకూరలో గొడ్డుమాంసం ముక్కలొచ్చాయి. సిగా అంటే మాంసం. పేరులోనే ఉంది, నాకే తెలియలేదు. మేం మాంసం తింటాం కానీ అది తినం. ఆవిడ విషయం తెలిసి పళ్ళెం తీసేసి వేరేది తెచ్చింది, డబ్బు వద్దంది, మేమే బలవంతాన ఇచ్చాం. అలాగే "బొజెనా షిరో" అని ఉంటే అందులోనూ మాంసం ఉంటుంది. ఉత్తి షిరో అని గట్టిగా చెప్పండి. మీలో మాంసాహారులకి, డోరో అంటే కోడి, బెగ్ అంటే గొర్రె. తిబ్స్ అంటే మాంసం వేపుడు, వట్టి "తిబ్స్" అని చెప్తే చాలాచోట్ల గొడ్డుమాంసమే వస్తుంది, కాబట్టి ఏ మాంసమో అడిగి చెప్పండి. కిత్ఫో పచ్చి గొడ్డుమాంసపు కీమా. పక్క బల్ల మీద అది కనిపించినా మీ పెద్దవాళ్ళ ముందు దాని వివరాల్లోకి వెళ్ళకండి.

ఇప్పుడు ఎంగిలి. మీ భయం నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా అత్తగారు ఒకరి కంచంలో ఇంకొకరి చెయ్యి పడనివ్వని మనిషి. ఒక మాట చెప్పాలి. వాళ్ళ పద్ధతిలోనూ శుభ్రతకి కట్టుబాట్లున్నాయి. భోజనానికి ముందు చేతులు కడుక్కుంటారు, కుడిచేత్తోనే తింటారు, ఎవరి ముందున్నది వాళ్ళు తింటారు, అవతలివాళ్ళ వైపుకి చెయ్యి చాపరు. ఇంజెరా ముక్కతోనే కూర పట్టుకుంటారు కాబట్టి వేళ్ళు కూరలో మునగవు. వేళ్ళు నాకడం తప్పు. పప్పన్నం కలిపినట్టు కలపాలని మనకి చెయ్యి లాగుతుంది, అక్కడ అలా చెయ్యకూడదు. ఇదంతా నేను చెప్పినా మా అత్తగారి మనసు ఒప్పలేదు. నేనూ ఒత్తిడి చెయ్యలేదు. ఆవిడకో విడి పళ్ళెం అడిగాను, మారుమాట లేకుండా తెచ్చిచ్చింది. మీరూ అలాగే అడగండి. పెద్దవాళ్ళని ఆ పళ్ళెంలోనే తినమని బతిమాలకండి. భోజనం రుచి తెలియడానికి అది అవసరం లేదు.

అయితే ఆ రోజు జరిగింది చెప్తాను. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. చల్లటి ఇంజెరా వద్దని మొహం తిప్పేస్తున్నాడు. మా అత్తగారు తన పళ్ళెంలోంచి చిన్న ముక్క తుంచి, కిక్ అలిచా చుట్టి, ఇంట్లో ముద్ద పెట్టినట్టే వాడి నోట్లో పెట్టారు. అటు వెళ్తున్న ఆవిడ ఆగిపోయి "గుర్షా!" అంది, మొహం వెలిగిపోయింది. పక్కవాళ్ళకి తమ చేత్తో ముద్ద చుట్టి నోట్లో పెట్టడాన్ని వాళ్ళు గుర్షా అంటారు. ప్రేమకీ గౌరవానికీ గుర్తు. పెద్దలకీ పెడతారు, అతిథులకీ పెడతారు. "దీనికి వాళ్ళకో పేరు కూడా ఉందా!" అని మా అత్తగారు ఆశ్చర్యపోయారు. ఒక్క గుర్షాతో ఆపకూడదు, మళ్ళీ పెట్టాలి అని ఆవిడ వేళ్ళు చూపించి చెప్పింది. అది మాత్రం నేను తెలుగులో చెప్పాల్సిన పని పడలేదు. మారు వడ్డించకుండా ఎవరినీ పంక్తిలోంచి లేవనివ్వని మా అత్తగారు అప్పటికే రెండో ముక్క చుడుతున్నారు.

మాటల్లో ఇంకోటి తెలిసింది. ఆ వండే ఆవిడకి బళ్ళో లెక్కలు చెప్పింది ఇండియా నుంచి వెళ్ళిన మాస్టారట. ఆ తరం ఇథియోపియన్లని కదిపితే ఈ మాట తరచూ వినిపిస్తుంది, మన దేశం నుంచి అంతమంది టీచర్లు అక్కడికి వెళ్ళారు. మా ఆయన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో చదివే రోజుల్లో పీహెచ్‌డీకి వచ్చిన ఇథియోపియా వాళ్ళు క్యాంపస్‌లో కనిపిస్తూనే ఉండేవారు. ఆయన ఆ సంగతి చెప్పాక మా బల్ల దగ్గరికి కాఫీ వచ్చింది.

కాఫీకి వీలుంటే ఉండండి. బున్నా అంటారు. కాఫీ మొక్క పుట్టిన దేశం కదా, తొందరపడరు. పచ్చి గింజల్ని మీ ఎదురుగానే పెనం మీద వేయించి ఆ పొగ వాసన చూపిస్తారు, దంచి జెబెనా అనే నల్లటి మట్టి కూజాలో కాచి, చెవి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. పక్కన ధూపం, పేలాలు. అదే పొడితో మూడుసార్లు కాస్తారు, అబోల్, తోనా, బెరకా అని మూడు వాయిలకీ పేర్లు. చిన్న చోట్ల ఇది వారాంతాల్లోనే ఉండొచ్చు, ముందు ఫోన్ చేసి అడగండి, గంట పడుతుందని లెక్క వేసుకోండి. పాలుండవు. ఫిల్టర్ కాఫీ అలవాటున్న మీ నాన్నగారికి పాలు పోసిన మకియాటో చెప్పండి.

ఆర్డర్ గురించి చివరి మాట. నలుగురు పెద్దవాళ్ళకి రెండు బెయాయ్‌నెతులు, ఒక షిరో చాలు. మనిషికొకటి చెప్తే మిగిలిపోతుంది. కూరల కింద పరిచిన ఇంజెరాని వదలకండి, రసాలన్నీ దిగి అదే అన్నిటికన్నా బాగుంటుంది. చుట్టలు మిగిలితే ఇంటికి కట్టించుకోండి. మర్నాడు ఉల్లిపాయలు, టమాటా, బెర్బెరె వేయించి, కాసిని నీళ్ళు పోసి మరిగాక ఆ ముక్కలు తుంచి వేసి రెండు నిమిషాలు కలిపితే ఫిర్‌ఫిర్ అవుతుంది. మిగిలిన ఇడ్లీలతో మనం ఉప్మా చేసుకున్నట్టే. బెర్బెరె పొడి వచ్చేటప్పుడు ఆ కొట్లోనే చిన్న ప్యాకెట్ కొనుక్కోండి.