కోళ్ల పొట్టలో నీరు: పరదాలు పైనుంచి దించండి

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర సార్. 1,500 బ్రాయిలర్లు పెంచుతున్నాను. చలికి షెడ్డు చుట్టూ పరదాలు బిగించి, లోపల బొగ్గుల బుఖారీ పెట్టాను. నాలుగో వారం దాటాక బాగా ఎదిగిన కోళ్లే పొట్ట ఉబ్బి, ఆయాసపడి రోజూ నాలుగైదు చనిపోతున్నాయి. యాంటీబయోటిక్ వాడినా ఆగలేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది అసైటిస్, అంటే నీళ్ల పొట్ట. అంటురోగం కాదు, యాంటీబయోటిక్ ఖర్చు దండగే. నా అనుమానమంతా ఆ పరదాల మీదే.

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు ఉంటుంది. షెడ్డులో 3,000 దాటనివ్వకూడదు. కోళ్ల ఊపిరికి బుఖారీ పొగ తోడైతే మూసిన షెడ్డులో ఆ హద్దు ఇట్టే దాటుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు వాసన ఉండదు కాబట్టి తెలియదు. ఈ వాయువు రక్తంలో పెరిగితే మెదడులోని రక్తనాళాలు వెడల్పవుతాయి, ఊపిరితిత్తుల్లోవి మాత్రం బిగుసుకుంటాయి. ఆక్సిజన్ తగ్గినా అవి బిగుసుకునేవే. మీది దాదాపు 3,000 అడుగుల ఎత్తు, ఆక్సిజన్ అసలే పదోవంతు తక్కువ. పైగా కోడి ఊపిరితిత్తులు మనవాటిలా సాగవు. రక్తాన్ని తోసి తోసి గుండె కుడి గది సాగిపోతుంది, కవాటం సరిగా మూసుకోదు, రక్తం కాలేయంలో నిలిచిపోయి నీరు పొట్టలోకి ఊరుతుంది. త్వరగా పెరిగే కోడికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అందుకే మీ మంచి కోళ్లే ముందు పోతున్నాయి.

చనిపోయిన కోడిని పశువైద్యుడికి చూపించండి. కోస్తే గడ్డిరంగు నీరు, అందులో జెల్లీలాంటి గడ్డలు, వదులైన గుండె కనబడితే ఇక సందేహం లేదు. ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో చస్తే మాత్రం మీరు కోయకండి, వెంటనే కబురు చేయండి.

ఈ రోజే రెండు వైపులా పరదాలను పైనుంచి ఒక అడుగు దించండి. కింద తెరవొద్దు, చలిగాలి నేరుగా కోళ్లకు తగులుతుంది. బుఖారీకి పొగగొట్టం పెట్టి బయటికి వదలండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్‌తో మీకూ ప్రమాదమే. లోపలికి వెళ్లగానే తడిసిన ఊక నుంచి వచ్చే అమోనియా ఘాటుకు కళ్లు మండితే గాలి చాలడం లేదన్నమాట, ఆ ఊకను తీసి పొడిది వేయండి. పొట్ట ఉబ్బినవి కోలుకోవు, వాటికి మందులు పోయకండి, అమ్మకండి. వచ్చే చలికాలం బ్యాచ్‌కు రెండు, మూడు వారాల వయసులో గుళికల మేత బదులు పొడి మేత పెట్టండి. బరువు కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆ నష్టం ఈ చావులకన్నా తక్కువే.