డ్యూటీకి వెళ్లాలంటే ఏడుపొస్తోంది, నర్సింగ్ మానేయనా?

చెల్లీ, నిన్ను 'నువ్వు' అని పిలుస్తున్నందుకు ఏమనుకోకు. రెండేళ్లుగా వార్డులో చేస్తున్నాననీ, యూనిఫాం వేసుకుంటుంటేనే ఏడుపొస్తోందనీ, పేషెంట్ల మీద విసుక్కుని తర్వాత బాధపడుతున్నాననీ, అసలు ఈ పనికి పనికిరానేమోననీ రాశావు. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. బెంగళూరులో స్టాఫ్ నర్సుగా పదకొండేళ్లు చేశాను. నాలుగో ఏడు సరిగ్గా నీలాగే ఉన్నాను.

అప్పుడు నాది మెడికల్ వార్డు. నైట్‌లో పద్దెనిమిది మంది పేషెంట్లకి నేనూ, కొత్తగా చేరిన ఇంకో అమ్మాయీ. వరసగా ఆరో నైట్. తెల్లవారుజామున ఐదింటికి యాంటీబయాటిక్ పట్టుకుని ఒక పెద్దావిడ బెడ్ దగ్గరికి వెళ్లాను. అదే పేరుతో పక్క వరసలో ఇంకొకావిడ ఉంది. చేతికున్న సూదిగొట్టానికి (క్యానులాకి) కలపబోతుంటే ఈవిడ, హిందూపురం వైపు మనిషి, నా మణికట్టు పట్టుకుని, "నాకు పొద్దున తొమ్మిదికి గదమ్మా ఎక్కించేది?" అంది. చేతి బ్యాండ్ చూస్తే నిజమే, ఆ మందు రెండో ఆవిడది. ఏమీ కాలేదు, మందు ఎక్కలేదు. కానీ నాకు గుండె దడ కూడా రాలేదు. "అయ్యో" అని కూడా అనిపించలేదు. మందు తీసుకెళ్లి అవతలావిడకి పెట్టి, ఛార్ట్ రాసుకున్నాను. డ్యూటీ దిగి బస్సులో వస్తుంటే సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఒళ్లంతా వణికింది.

దీన్ని బర్న్ అవుట్ అంటారు, అంటే పని ఒత్తిడికి మనిషి అలసి చితికిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీని గురించి రాసినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, పని వల్ల వచ్చే పరిస్థితి అంది. గుర్తులు మూడు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం. నువ్వు రాసిన మూడూ అవే. మనం చదువుకున్న నార్మ్ ప్రకారం మామూలు ఆసుపత్రి వార్డులో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. నాకు తొమ్మిది మంది ఉండేవాళ్లు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కత్తే చేస్తుంటే విసుగు రాకుండా ఎలా ఉంటుంది? అందుకే నీ మనసుని తిట్టుకోకు.

ఆ మందు మారబోయిన మర్నాడు ఇన్‌చార్జ్ సిస్టర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పి, రాసిచ్చాను. మెమో ఇస్తారని భయపడ్డాను. ఆవిడ నా నైట్ లెక్క చూసి, వరసగా నాలుగు మించకుండా, ఆ తర్వాత రెండు ఆఫ్‌లు వచ్చేలా మార్చింది. మార్పు రావడానికి నెలన్నర పట్టింది, మూడుసార్లు అడగాల్సొచ్చింది. ఒక్కసారి అడిగి ఊరుకోకు. నోటిమాటగా వద్దు, తేదీ వేసి రాసివ్వు. స్టాఫ్‌ని పెంచకుండా, నైట్ దిగినవాళ్లని గంటసేపు కూర్చోబెట్టి యోగా చెప్పించే చోట్లు చూశాను. వాళ్లకి ఆ గంట నిద్రే కావాలి.

నిద్ర గురించి మాత్రం నా మాట విను. అమ్మ రోజూ పదింటికి ఫోన్ చేసేది, నేను నిద్ర చెడగొట్టుకుని మాట్లాడేదాన్ని. సాయంత్రం నాలుగు తర్వాత చెయ్యమ్మా అని చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. పీజీలో కిటికీకి నల్ల దుప్పటి కట్టాను. రాత్రి రెండు దాటాక టీ మానేశాను, ఎందుకంటే ఆ టీ ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది. మూడు వారాలకి ఏడుపు తగ్గింది. పేషెంట్ల మీద మనసు మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆసుపత్రి) వాళ్ల వెల్‌బీయింగ్ సెంటర్‌కి వెళ్లాను. మందు మారబోయినా నాకేమీ అనిపించలేదన్న సంగతి మొదటిసారి చెప్పుకున్నది అక్కడే. ఇప్పుడైతే మనసు బాగోనప్పుడు ఫోన్ చేసి మాట్లాడుకునే ప్రభుత్వ లైన్, టెలి మానస్ ఉంది, నంబర్ 14416. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులేం తీసుకోరు, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆఫ్ రోజుల్లో కూడా నిద్ర పట్టకపోతే, ఏదీ తినాలనిపించకపోతే, బతకాలని లేదనిపిస్తే అది బర్న్ అవుట్ దాటింది. డ్యూటీల పట్టిక మారేదాకా ఆగకు, ఆ రోజే డాక్టర్‌ని కలువు. పక్కన ఎవరినైనా ఉంచుకో.

మానేయాలా వద్దా అన్నది నైట్స్ అయిన వారంలో తేల్చుకోకు. కనీసం రెండు ఆఫ్‌లు నిండా పడుకున్నాక ఆలోచించు. మానేద్దామనే అనిపిస్తే అదీ తప్పు కాదు, మధ్యలో మానేయనని రాసిచ్చిన బాండ్ ఉంటే ఇంకా ఎన్ని నెలలుందో, సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయో ముందు చూసుకో. నేను వార్డు మారి డయాలిసిస్‌కి వెళ్లాను, అక్కడ వారం వారం అవే మొహాలు, పేర్లు గుర్తుంటాయి. నాకు అది సరిపోయింది.

నీ వార్డులో నైట్‌కి ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది స్టాఫ్, నెలకి ఎన్ని నైట్లు పడుతున్నాయో రాయి. ఇన్‌చార్జ్‌కి ఇవ్వాల్సిన లెటర్ ఇద్దరం కలిసి రాద్దాం.