కాన్పు సంచీలో ఏం సర్దుకోవాలి, బిడ్డ మొదటి ఫోటోలు ఎట్టా తీయాలి?

ఎనిమిదో నెల దాటింది, ఆత్మకూరు నుంచి నెల్లూరుకి కాన్పుకు వెళ్తున్నా, పుట్టకముందు బిడ్డకేమీ కొనొద్దని అత్త అంటోంది, మా ఆయనేమో ఫోటోషూట్ బుక్ చేస్తానంటున్నాడు, సంచీలో ఏం పెట్టుకోవాలి అని కదా చెల్లీ నువ్వడిగింది. మాది కావలి. నా రెండు కాన్పులూ నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలోనే అయ్యాయి. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి దిద్దుకున్నా కాబట్టి కాస్త వివరంగానే చెప్తా.

మొదటి కాన్పు రోహిణి కార్తెలో. పెళ్ళికి పోతున్నట్టు రెండు సూట్‌కేసులు సర్దా. రాత్రి రెండింటికి నొప్పులొస్తే కారులో బయల్దేరాం. కోవూరు దాటి పెన్నా వంతెన ఎక్కాక మా అమ్మ అడిగింది, "ఫైలు యాడ పెట్టావే?" అని. ఇంట్లో టీవీ బల్ల మీద ఉంది. మా తమ్ముడు తెల్లారేసరికి బండి మీద తెచ్చిచ్చాడు గానీ, ఈలోపు ఆసుపత్రివాళ్ళు రక్త పరీక్షలన్నీ మళ్ళీ చేసి బిల్లు వేశారు. అందుకే ముందు ఫైలు సంగతి చూసుకో. స్కానింగులు, బ్లడ్ గ్రూపు, షుగరు, థైరాయిడ్ రిపోర్టులు, ఊళ్ళో నర్సమ్మ (ఏఎన్‌ఎం) ఇచ్చిన తల్లీబిడ్డ కార్డు, మీ ఇద్దరి ఆధార్, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కాగితాలు అన్నీ ఒక్క ఫైల్లో పెట్టి, ప్రతి కాగితాన్నీ మీ ఆయన ఫోన్లో ఫోటో తీసి ఉంచు. ఫైలు సూట్‌కేసులో పెట్టొద్దు, చేతి సంచీలో ఉండాలి. నీ బ్లడ్ గ్రూపు వాళ్ళు దగ్గర్లో ఎవరున్నారో ముందే కనుక్కుని, ఆ నంబరు కూడా ఫైలు అట్ట మీదే రాసుకో.

మీ అత్త మాట విను. చాదస్తమని విసుక్కోవద్దు, నీకు పని తగ్గుతుంది. ఎట్టాగూ ఆడో మగో మనకి చెప్పరు, రంగు చూసి కొనేదేమీ లేదు. మా నాన్న పాత పంచెలు మూడు తీసి అమ్మ చదరాలుగా చింపింది. వేడినీళ్ళలో ఉతికి, మిద్దె మీద ఎండేసి, ఇస్త్రీ చేసింది. ఆ పొత్తిగుడ్డలు మొత్తం ఇరవై నాలుగు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు కదా, బిడ్డ ఒంటికి ఒరుసుకోదు. మొదటిసారి ట్రంకు రోడ్డులో కొనుక్కొచ్చిన లేసు గౌను మెడ దగ్గర గీరుకుని ఎర్రగా కందింది. నువ్వు గుడ్డలతో పాటు ముందువైపు ముడేసే జుబ్బాలు నాలుగు, ఒక టోపీ, సాక్సులు, ఒక దుప్పటి, చిన్న రబ్బరు షీటు పెట్టుకుంటే చాలు. బయట నిప్పులు కురుస్తున్నా రూములో ఏసీ ఉంటుంది, అందుకే టోపీ కావాలి. నెల్లూరు దోమల సంగతి నీకు నేను చెప్పాలా, గొడుగులా తెరుచుకునే దోమతెర ఒకటి తప్పకుండా పట్టుకెళ్ళు.

సంచీలో ఎవరో ఒకరు తేనె సీసా పెట్టబోతారు. తీసేయ్. ఏడాది నిండేదాకా బిడ్డకి తేనె పనికిరాదు. గంటలోపు ముర్రుపాలు పట్టిస్తే అదే మొదటి తిండి.

నీకు ముందు జిప్పున్న నైటీలు మూడు, పెద్ద సైజు ప్యాడ్లు, నల్లరంగు లోదుస్తులు, జారని చెప్పులు, తల దువ్వుకునే దువ్వెన. బంగారం ఇంట్లో పెట్టి రా. తోడుండేవాళ్ళకి ఫ్లాస్కు, ఒక చాప, పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. మా రూములో ప్లగ్గు మంచానికి ఆ చివర ఉంది, ఫోను ఛార్జింగుకి పెట్టి మా ఆయన రాత్రంతా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇవన్నీ రెండు సంచులుగా సర్దు. లేబర్ రూముకి పోయే చిన్నది ఒకటి, తర్వాత రూముకి తెచ్చేది ఒకటి. చిన్నదాంట్లో నీ నైటీ, బిడ్డ గుడ్డలు ఆరు, టోపీ, దుప్పటి. సిస్టరు అడిగితే మీ అమ్మ వెతుక్కోకుండా తీసివ్వాలి.

ఇక ఫోటోలు. నా పెద్దదానివి మొదటి మూడు రోజుల్లో రెండు వందల పైగా ఫోటోలున్నాయి. అత్త ఎత్తుకున్నవి, మామయ్య ఎత్తుకున్నవి, ఎదురు రూమువాళ్ళు ఎత్తుకున్నవి కూడా. నేను మాత్రం ఒక్కదాంట్లోనే ఉన్నా, అదీ మోచేయి దాకా. సెలైన్ సూది మీద ప్లాస్టరు వేసిన చెయ్యి. ఇప్పటికీ నా మనసులో గుచ్చుకునేది అదే. తల దువ్వుకోలేదు, మొహం ఉబ్బింది, నన్ను తీయొద్దని నేనే అన్నా. నువ్వట్టా అనొద్దు. రెండోసారి మా వదినకి ముందే చెప్పిపెట్టా, నేను వద్దన్నా తీయమని. భర్తకి అప్పగిస్తే పని జరగదు, ఆయన డబ్బు కట్టడానికీ, మందుల షాపుకీ తిరుగుతుంటాడు. పైగా మొదటిసారి మా ఆయన ఫోన్లో జాగా నిండిపోయి, బిడ్డని బయటికి తెచ్చిన నిమిషంలో ఏదో పాత వీడియో డిలీట్ చేసుకుంటూ కూచున్నాడు. ముందే ఖాళీ చేయించు.

లేబర్ రూము లోపలికి ఫోను రానివ్వరు చాలాచోట్ల, ముందే అడుగు. బిడ్డని బయటికి తెచ్చినప్పుడు తల కాస్త సాగినట్టు, కళ్ళు ఉబ్బి, చేతులూ కాళ్ళూ నీలంగా, ఒంటి మీద వెన్నపూతలా తెల్లగా ఉండొచ్చు. మా ఆయన బిత్తరపోయి "తలేంది ఇట్టా ఉంది?" అన్నాడు. కొద్దిరోజుల్లో అదే గుండ్రబడుతుంది. ఆ పూత తుడవొద్దు, స్నానం కూడా కనీసం ఒక రోజు ఆగాకే. అందంగా లేదని ఆ ఫోటో మానుకోవద్దు, వారం తర్వాత ఆ మొహం మళ్ళీ కనపడదు.

ఫ్లాష్ ఆపించు, బిడ్డ ఉలిక్కిపడుతుంది. ట్యూబులైటు ఆర్పి, పొద్దున ఏడెనిమిది గంటలప్పుడు కిటికీ తెర సగం తీస్తే వచ్చే వెలుగు చాలు. వెలుగు పక్కనుంచి పడాలి. కాళ్ళవైపు నుంచి తీస్తే ముక్కుపుటాలే వస్తాయి. పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం దాకానే స్పష్టంగా కనపడుతుంది, అంటే నీ రొమ్ము దగ్గర్నుంచి నీ మొహం దాకా. పాలు తాగి కళ్ళు తెరిచి నిన్నే చూసే క్షణం ఒకటి వస్తుంది, వదిన అప్పుడే తీసింది. చేతికి కట్టిన నా పేరు చీటీ, తూకం యంత్రం మీద అంకెలు, మా నాన్న పంచె అంచు పక్కన బుల్లి పాదం కూడా తీసింది. అవి వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపమను. స్టేటస్‌లు మాత్రం నువ్వు సరే అన్నాకే, పేరు చీటీ కనపడకుండా. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి, కంట్లో కాటుక వద్దు.

ఫోటోషూట్ సంగతి మీ ఆయనకిట్టా చెప్పు. మొదటి రెండు వారాలు బిడ్డ ముడుచుకుని ఎక్కువ నిద్రపోతుంది కాబట్టి స్టూడియోవాళ్ళు ఆ రోజుల్లోనే రమ్మంటారు. గడ్డం కింద రెండు పిడికిళ్ళు ఆనించుకున్నట్టుండే ఫోటో ఉంటుంది చూశావా, అది రెండు ఫోటోలు కలిపి చేసింది. తీసేటప్పుడు తలనో చేతులనో ఎవరో పట్టుకునే ఉంటారు. మెడ నిలవని బిడ్డని ఒంటరిగా అట్టా కూర్చోబెడతానంటే ఒప్పుకోవద్దు. నేనైతే ఆ డబ్బు ఇరవై ఒకటో రోజు ఉయ్యాలకి దాచుకుంటా. మీ ఇష్టం.

మర్చిపోయా, డిశ్చార్జి రోజు జనన నమోదు కాగితం తెస్తారు. మీ పేర్ల అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చదువు. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు కావాలి. బిడ్డ పేరు ఇంకా పెట్టకపోతే ఖాళీగా వదిలేయొచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. నేను హడావిడిలో సంతకం పెట్టేసి, మా ఇంటిపేరులో ఒక్క అక్షరం దిద్దించుకోడానికి కావలి నుంచి నెల్లూరుకి మూడుసార్లు తిరిగా, చంకలో బిడ్డతో.