అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెఫరీలు ఆట వేగాన్ని ఎలా అదుపులో పెడతారు?

ఐదారు సెకన్లు ఆడటం, అర నిమిషం నిలబడటం, మధ్యలో ఈ చారల చొక్కాల వాళ్ళు చేసేదేంటి అని కదా మీ ప్రశ్న. నేను నార్త్ కరోలినాలో ఉద్యోగం చేసుకుంటూ 2017 నుంచి శుక్రవారం సాయంత్రాలు హైస్కూల్ మ్యాచ్‌లకి అఫిషియల్‌గా వెళ్తున్నాను. ఎక్కువగా బ్యాక్ జడ్జ్‌ని, అంటే డిఫెన్స్ (అడ్డుకునే టీము) వెనకాల దూరంగా నిలబడేవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన హైస్కూల్ సంగతే చెప్తా.

గడియారాలు రెండుంటాయి. గేమ్ క్లాక్ క్వార్టర్‌కి 12 నిమిషాలు, పాస్ నేలపాలైనా బంతి పక్క గీత దాటినా ఆగిపోతుంది. కానీ వేగమంతా ప్లే క్లాక్‌లో ఉంది, అంటే ఒక ప్లే (ఒక విడత ఆట) అయ్యాక తర్వాతిది మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు. నేను చేరిన కొత్తలో రెఫరీ విజిల్ ఊదాకే 25 సెకన్ల లెక్క మొదలయ్యేది. రెఫరీ అంటే తెల్ల టోపీ పెట్టుకున్నాయన, క్రికెట్‌లోలా ఇక్కడ అంపైర్ పెద్ద కాదు. దాంతో ఆయన చురుకైనవాడైతే ఆట పరిగెత్తేది, నింపాదిగా ఉంటే ఈడ్చేది. 2019లో రూలు మారింది. ప్లే అయిపోగానే 40 సెకన్లు నడవడం మొదలు, పెనాల్టీ, టైమవుట్ లాంటివి వస్తే మాత్రం 25.

దీంతో మా పనల్లా బంతిని తొందరగా మళ్ళీ చోట్లో పెట్టడమే అయింది. ఆలస్యమైతే ఆ సెకన్లు పోయేది బంతి తమ చేతిలో ఉన్న అఫెన్స్ టీముకి, పాపం వాళ్ళ తప్పేమీ లేకపోయినా. దూరంగా పడ్డ పాస్ వెంట ఎవరూ పరిగెత్తరు, పక్క గీత దగ్గర బాల్ బాయ్ చేతిలో ఉన్న ఇంకో బంతి తీసుకుని చేతులు మారుస్తూ అంపైర్‌కి అందిస్తాం. ఒకసారి వానలో తొందరపడి నేను చాలా దూరం నుంచే విసిరాను, అది అంపైర్ తల మీదుగా పోయి బురదలో దొర్లుకుంటూ పోయింది. రెఫరీ ప్లే క్లాక్‌ని 25కి మార్పించాల్సొచ్చింది, కోచ్ నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను. అప్పట్నుంచి దగ్గరికెళ్ళి కింద నుంచే అందిస్తున్నా.

చాలా చిన్న గ్రౌండ్లలో ప్లే క్లాక్ బోర్డే ఉండదు, అది నా మణికట్టు మీదే ఉంటుంది. 10 సెకన్లుండగా చెయ్యి పైకెత్తుతాను, చివరి 5 చేత్తో లెక్కపెట్టి చూపిస్తాను, అప్పటికీ స్నాప్ (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) కాకపోతే ఫ్లాగ్, అంటే తప్పు జరిగిందని పసుపు గుడ్డ వేస్తాం, 5 గజాలు వెనక్కి.

టీవీలో సున్నా పడ్డాక కూడా స్నాప్ అయిందని, అయినా ఫ్లాగ్ వెయ్యలేదని జనం గొడవ పెడతారు చూడండి, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా బ్యాక్ జడ్జ్ ముందు గడియారంలో సున్నా చూసి, తర్వాత బంతి వైపు కళ్ళు తిప్పుతాడు. ఆ తిప్పేలోపు బంతి కదిలిపోతే వదిలేస్తాడు.